గిల్టత్త కొట్లో అసలు హారం

ఏదీ, ఇలా కిటికీ దగ్గరికి రా, వెలుతురులో చూస్తాను. అబ్బ! బావుందమ్మలూ, నీ మెడకి కొలిచి చేసినట్టుంది. ఎక్కడ కొన్నావు? ఫోన్లోనా? ఇంటికే తెచ్చిచ్చారా? మరి ఆ మొహం ఏంటలా పెట్టావు? ఓహో, పెళ్ళికొచ్చే వాళ్ళంతా అసలు నగలు దిగేసుకుని వస్తారు, నీది చూసి గిల్టని పట్టేస్తారని బెంగా? పట్టుకోనీ. పట్టుకుని ఏం చేస్తారు, పోలీసులకి అప్పగిస్తారా? తీయకు, తీయకు, ఉంచు. కారొచ్చేదాకా ఎలాగూ గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డమే కదా, ఇలా నా పక్కన కూర్చో. మా మేనత్త గనక ఉండి ఉంటే నిన్ను ముందూ వెనకా తిప్పి చూసి, "కొక్కెం పక్కకి జరిగిందే, ఉండు" అని సర్ది, అద్దం నీ చేతిలో పెట్టి ఇంక మాట్లాడకుండా కూర్చునేది. ఆవిడ అమ్మే పద్ధతే అది. ఇది బావుంది, అది బావుంది అని ఎప్పుడూ చెప్పేది కాదు. అద్దం ఇచ్చి ఊరుకునేది.

నీకు తెలీదులే ఆవిడ, నువ్వు పుట్టేనాటికే పోయింది. మా నాన్నకి చెల్లెలు. బజారు సందులో గొడుగులు బాగుచేసే వాడికీ ఫొటో స్టూడియోకీ మధ్యన ఇరుక్కుని ఉండేది ఆవిడ ఫ్యాన్సీ కొట్టు. ఇద్దరు ఆడవాళ్ళు లోపలుంటే మూడో ఆవిడ సందులో నిలబడాల్సిందే. గోడ పొడుగునా నల్ల వెల్వెట్ చుట్టిన చెక్క మెడలు, వాటికి గిల్టు హారాలు, కింద అట్టల మీద జతలు జతలుగా జూకాలు. ఊరందరికీ ఆవిడ గిల్టత్త. మాకూ అంతే. ఆసుపత్రిలో డ్యూటీ దిగిన నర్సులూ, టైపు కొట్టే అమ్మాయిలూ, దారపు మిల్లులో పనిచేసే వాళ్ళూ, అందరూ సాయంత్రం ఇంటికి పోతూ పోతూ అక్కడ ఆగేవాళ్ళు. వచ్చేటప్పుడు కాళ్ళీడ్చుకుంటూ వచ్చిన పిల్ల, చెవులకి కొత్తవి పెట్టుకుని మెడ నిటారుగా చేసుకుని వెళ్ళేది. అది చూడ్డానికే కొట్టు పెట్టానే అనేది అత్త. ఇంటికెళ్ళే ముందు ఒక్కో నగా మెత్తటి బట్టతో తుడిచి, డబ్బాల్లో చెమ్మ చేరకుండా సుద్దముక్కలు వేసి, మెడకి తగిలే వైపు రంగు లేని గోళ్ళరంగు ఒక్క పూత పూసేది. ఎందుకనుకున్నావు? గిల్టు చెమటకి నల్లబడుతుంది కదా, ఆ నలుపు మెడకి అంటకుండా. చంటిపిల్లకి పౌడరు రాసినంత ఓపిగ్గా చేసేది ఆ పని.

మా అమ్మకేమో గిల్టంటే గిట్టదు. వదినా మరదళ్ళు, ఎదురుపడితే చాలు ఇదే గొడవ. "ఏం గిల్టమ్మా, ఎంతమందికి టోపీ పెట్టావివాళ?" అని అమ్మ. "టోపీలు లేవొదినా, జూకాలున్నాయి, తీసుకుంటావా?" అని అత్త. అమ్మ ఆ నగల్ని రెండు వేళ్ళతో, చచ్చిన బొద్దింకని పట్టుకున్నట్టు పట్టుకునేది. "ఛీ, దీనికి బరువేదీ, కళేదీ? అసలు బంగారం అంటే మా అత్తగారి కెంపుల హారం! నా పెళ్ళినాడు ఆవిడ మెడలో చూశాను. కళ్ళు చెదిరిపోయాయి. హాలంతా వెలుగే!" అనేది. అత్త నవ్వేది. "వదినా, అసలు నగ పెట్టుకున్న వాళ్ళని ఎప్పుడైనా చూశావా? చెయ్యెప్పుడూ మెడ మీదే ఉంటుంది. ఉందా, పోయిందా, ఉందా, పోయిందా. వాళ్ళు పెళ్ళి చూడరు, భోజనం రుచి తెలీదు వాళ్ళకి. నా దగ్గర కొన్న పిల్ల రెండు చేతులూ ఊపుకుంటూ నడుస్తుంది." అని ఊరుకుంటే పోయేది, ఆవిడా ఊరుకునేది కాదు, "పోతే ఏడుపు లేని నగ వదినా నాది" అనేది. అమ్మకి ఒళ్ళు మండేది.

ఆ కెంపుల హారం, అదేనమ్మా, మా నాన్నమ్మది, దాని దగ్గరే వచ్చింది తంటా అంతా. నాన్నమ్మకి ఆఖర్లో డాక్టరు దగ్గర్లో ఉంటాడని అత్త ఇంట్లోనే ఉంది. పోయే ముందు ఆ హారం అత్త చేతిలో పెట్టి, "పెద్దమనవరాలి పెళ్ళిరోజున నీ చేత్తో దాని మెడలో వెయ్యి. అందాకా ఎవరికీ ఇవ్వకు. కోడలికి కూడా" అందిట. పెద్దమనవరాలంటే మా అక్క. ఆ చివరి ముక్క ఎవరు మోశారో, అమ్మ చెవిన పడింది. ఇంకేముంది! లోపల చెడ్డ ముల్లే గుచ్చుకుంది. "ఇన్నేళ్ళు ఆవిడ మంచానికి కాపలా కాశాను, ఒక్క హారానికి కాపలా కాయలేకపోయేదాన్నా?" అని నాతో ఒక్కసారే అంది, అదీ పప్పు ఏరుకుంటూ, తలెత్తకుండా. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నేను చూసింది తక్కువ.

ఇంక అత్త సంగతి చెప్పాలి. పోతే ఏడుపు లేని నగ అంటూ అందరికీ నీతులు చెప్పిన మనిషి నెత్తిన, పోతే ప్రాణం పోయే నగ వచ్చి కూర్చుంది. బ్యాంకు లాకరంటే ఆ రోజుల్లో పేరు రాయించుకుని వరసలో కూర్చోవాలి, ఎప్పటికిస్తారో దేవుడికే తెలియాలి. మొదట పిండిడబ్బా అడుగున పెట్టింది. పక్కింటావిడ గిన్నె పట్టుకుని పిండి చేబదులుకొచ్చింది. కుట్టుమిషను సొరుగులో పెట్టింది. సొరుగుకి తాళం లేదు. తలగడలో కుట్టేసింది. మెడ పట్టేసింది. మావయ్య, గడియారాలు బాగుచేసేవాడు, నెమ్మదైన మనిషి, ఒంటికంటికి ఆ భూతద్దం పెట్టుకునే ఉండేవాడు ఇంట్లో కూడా, ఆయన అన్నాట్ట: "ఏమేవ్, ఆ హారం మనింట్లో ఉంటోందా, మనం దాని ఇంట్లో అద్దెకుంటున్నామా?" అని. నవ్వకు, పాపం. కొట్లో కూర్చున్నా మనసు ఇంటిమీదే. మధ్యాహ్నం తాళం వేసుకుని పరిగెత్తుకుంటూ వెళ్ళి తడిమి చూసుకుని మళ్ళీ వచ్చేది. చిక్కిపోయింది. అక్క పెళ్ళి కుదిరింది, ఇంక కొద్దిరోజులే కదా అనుకునేసరికి వాళ్ళ వీధిలో దొంగతనాలు మొదలయ్యాయి. మనుషులు పనికి పోయిన వేళ చూసి, తలుపులు విరిచి, తలగడలు కూడా చింపి చూస్తున్నారని వినగానే అత్త అన్నం కంచం ముందునుంచి లేచిపోయిందిట.

అప్పుడు తట్టింది ఆవిడకా ఉపాయం. గిల్టు కొట్లో బంగారం ఉంటుందని ఏ దొంగ అనుకుంటాడు? పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, హారం రుమాల్లో చుట్టి, జాకెట్లో దోపుకుని తీసుకెళ్ళి, గోడకున్న వెల్వెట్ మెడల్లో మూలగా ఉన్న ఒకదానికి తగిలించేసింది. అనుమానం రాకుండా మిగతా వాటికున్నట్టే ధర చీటీ కూడా దారంతో కట్టింది. కట్టి, ఎదురుగా స్టూలేసుకుని కూర్చుంది. ఆ మొదటిరోజు ఎవరు లోపలికొచ్చినా చెయ్యెటు పోతోందా అని చూడ్డమే. ఒక నర్సు వచ్చి తిన్నగా దాన్నే పట్టుకుంది. అత్త స్టూలు మీంచి లేచిపోయింది. ఆ పిల్ల చేత్తో ఎత్తి చూసి, "అమ్మో, ఇదేంటండీ ఇంత బరువు? రంగు కూడా మాసిపోయినట్టుంది. పాత స్టాకా?" అని వదిలేసి, పక్కనున్న తళతళలాడేది తీసుకెళ్ళింది. ఇంకో ఆవిడ, "రాళ్ళేంటి, ఇలా నల్లగా ఉన్నాయి? కడగండి కాస్త" అంది. పాత బంగారం కదమ్మా, ముదురు పసుపు, మెరుపుండదు. ఆ కెంపులు సానపట్టనివి. వెలుతురుకి అడ్డంగా పెట్టి చూస్తే తప్ప ఎరుపు తెలీదు. మిల్లు పిల్లలూ, టైపు పిల్లలూ, ఒక్కరంటే ఒక్కరు మోజుపడలేదు దాని మీద. అత్తకి ఎంత ధీమా వచ్చిందో! కాస్త రోషం కూడా వచ్చిందిట లోపల, తన తల్లి హారం ఇంత తీసికట్టా అని. కానీ నిద్ర పట్టడం మొదలైంది. దాన్ని చూసుకుంటూ జూకాలకి సుద్దముక్కలు మార్చుకుంటూ కూర్చునేది హాయిగా.

పెళ్ళి బట్టల పనిమీద అమ్మ వచ్చి అత్త ఇంట్లో దిగింది. వచ్చీ రాగానే, "ఏదీ హారం, ఒక్కసారి చూపించు" అంటుందని అత్త భయపడింది. అమ్మ అడగలేదు. అడిగితే, మా అమ్మ ఎవరికీ చూపించొద్దంది అని అత్త అంటుందేమోనని అమ్మకి అభిమానం. చూడు, ఆ ఒక్కమాట అడిగి ఉంటే ఇంత జరిగేది కాదు. అదే సమయానికి అత్తకి దవడపన్ను పోటు లేచింది. మొహం ఇంత లావున వాచిపోయింది. మావయ్య పొద్దున్నే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి పన్ను పీకించి తెచ్చి పడుకోబెట్టాడు. నోటినిండా దూది. కొట్టు మూసే ఉంది కదా అని అత్త నిశ్చింతగా కళ్ళు మూసుకుంది. సాయంత్రానికి లేచి చూస్తే మేకుకి తాళాలు లేవు. ఎవరు తీశారో అనుకుంటుంటే, గుమ్మంలోంచి నవ్వుకుంటూ అమ్మ! "పడుకో, పడుకో, లేవకు. ఒక్కరోజు మూస్తే పెళ్ళిళ్ళ బేరం పోతుందని నేనే వెళ్ళి తీశాను. గిల్టు అమ్మడం ఏమన్నా బ్రహ్మవిద్యా? నీకు ఎన్నాళ్ళనుంచో పోని సరుకు కూడా అమ్మిపెట్టాను. ఆ మూల వేలాడదీశావే, మసిబొగ్గులా, బండది, రాళ్ళు నల్లగా... ఎవరూ కొనట్లేదని బేరానికొచ్చిన వాళ్ళెవరో చెప్పారు. అది వదిలించేశాను. ఇంకా తగ్గించమంటే తగ్గించే ఇచ్చాను, పోనీ పాపం అని."

అత్తకి అరుద్దామంటే నోట్లో దూది. మూలుగొకటి వచ్చింది. "నొప్పిగా ఉందా? మాట్లాడకు" అని అమ్మ దుప్పటి కప్పింది. నువ్వే చెప్పు, తన అత్తగారి హారం తనే గుర్తుపట్టలేదా అంటే, ఎలా పడుతుంది? అమ్మ చూసింది ఒక్కసారి, పెళ్ళికూతురుగా తల వంచుకుని, ఓరకంట. అప్పట్నుంచీ తలచుకున్నప్పుడల్లా ఆ హారానికి మెరుపు పెంచుకుంటూ వచ్చింది. ఆవిడ మనసులో ఉన్నది వేరే హారం. పైగా గిల్టు కొట్లో ఉన్నది గిల్టు కాక ఇంకేమవుతుంది! అత్త కాగితం తీసుకుని, ఎవరు కొన్నారని రాసి చూపించింది. "నాటకాలావిడట. పొడుగ్గా ఉంది. టౌనుహాల్లో ఆడుతున్నారటగా, అందులో రాణి వేషం. బరువుందా అని అడిగింది. ఉందన్నాను. ‘అమ్మయ్య, విసిరికొడితే చప్పుడు రావాలండీ’ అంది. ఏం మనుషులో!" విసిరికొడితే. ఆ మాట దగ్గర అత్తకి పన్నునొప్పి కూడా తెలియడం మానేసిందిట.

చెప్పెయ్యచ్చు కదా అత్తా, అని నేనూ అడిగాను, అన్నీ అయ్యాక, అమ్మ పోయాక. నాకు అప్పుడే చెప్పింది ఇదంతా. అంతవరకూ మావయ్యకి తప్ప పురుగుకి తెలీదు. "ఏమని చెప్పనే?" అంది. "కోడలికి కూడా ఇవ్వకు అని మా అమ్మ అన్నమాటే వదిన్ని అన్నేళ్ళు తినేసింది. ఇప్పుడు ఆ కోడలి చేత్తోనే పోయిందని తెలిస్తే, చూశావా, మా అమ్మ సరిగ్గానే అనుకుంది అన్నట్టు కాదూ? కూతురి పెళ్ళి పెట్టుకున్న మనిషి. ఆవిడ మళ్ళీ తలెత్తుతుందా?" అంది. అదీ మా గిల్టత్త.

సరే, వాచిన మొహానికి శాలువా చుట్టుకుని, మందు తెచ్చుకుంటానని సైగ చేసి, అప్పటికప్పుడు టౌనుహాలుకి పోయింది. ఆట మొదలైపోయింది. వెనకవైపు తలుపు దగ్గర మనిషి లోపలికి వదల్లేదు. ఏం చేస్తుంది, టిక్కెట్టు కొనుక్కుని ముందు వరసలో కూర్చుంది. రాణి వచ్చింది. మెడలో హారం. అత్త గుర్తుపట్టలేకపోయింది! పచ్చగా, ధగధగా, కొత్త ఇత్తడి బిందెలా వెలిగిపోతోంది. ఇది కాదేమో, వదిన ఇంకేదో అమ్మిందేమో అని ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. మధ్యలో ఉన్న పతకానికి ఒక ఆకు కొస కాస్త వంగి ఉంటుంది, చిన్నప్పుడు అత్తే ఆడుకుంటూ వంచింది. చూస్తే ఆ వంకర అలాగే ఉంది. అదే. ఇంక నాటకంలో ఎవరేం మాట్లాడుతున్నారో తెలిస్తే ఒట్టు. రాణి చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళినప్పుడల్లా అత్త కుర్చీ అంచు పట్టుకునేది. ఇప్పుడా? కాదు. ఇప్పుడా? కాదు, చెమట తుడుచుకుంది. రాజు వచ్చాడు, వెళ్ళాడు, మంత్రి వచ్చాడు. "దేవుడా, దేవుడా, ఈ రాజు మంచివాడయ్యేట్టు చూడు, ఈ రాణికి కోపం రాకుండా చూడు" అని దణ్ణం పెట్టుకుందిట, నిజం! ఎక్కడ వింటాడు? రాజు మోసం బయటపడింది. రాణి లేచింది. "నాకెందుకీ బంగారం!" అని గొంతు చించుకుని, హారం ఒక్క లాగు లాగి నేలకేసి కొట్టింది. ధనామని చప్పుడు. అత్త, "అయ్యో!" అని కెవ్వుమంది. దూది ఊడి ఒళ్ళో పడింది. హాలంతా ఇటు తిరిగి చూసింది.

ఆట అయ్యాక ఆ రాణే కబురుపెట్టింది, కేక పెట్టినావిణ్ణి పిలవండని. అత్త వెళ్ళేసరికి నూనెతో రంగు తుడుచుకుంటోంది. "రండమ్మా, రండి! ఎన్నో ఊళ్ళు తిరిగాను గానీ నా నటనకి ఇంతగా చలించిన మనిషిని చూడలేదు" అని రెండు చేతులూ పట్టుకుంది. అత్తకి ఏడవాలో నవ్వాలో తెలీదు. వాచిన నోటితో, ముద్దముద్దగా, ఆ హారం మా కొట్టుదేనమ్మా, పాత సరుకు పొరపాటున ఇచ్చారు, మెరిసేది ఇంకోటి ఇస్తాను, అది ఇచ్చెయ్యండి అంది. "మెరుపుకేముంది? లైట్ల కింద నల్లగా కనబడిందని కిరీటానికి పూసే బంగారు రంగు నేనే పూయించాను, చూడండి" అని చూపించింది. చూస్తే కెంపుల పక్కల్లోకి కూడా దిగిపోయింది రంగు. బంగారానికి గిల్టు పూశారమ్మలూ! "నాకు కావాల్సింది చప్పుడు. ఇదివరకటివి విసిరితే టింగుమని మోగేవి, జనం నవ్వేవాళ్ళు. ఇవాళ చూడండి, ఆఖరి బెంచీలో వాళ్ళు కూడా ఉలిక్కిపడ్డారు. ఇది నేనివ్వను." బతిమాలింది అత్త. గట్టిగా అడిగితే అనుమానం వస్తుంది, అసలుదని చెపితే ఎవరమ్మారన్న మాట ఊరంతా పాకుతుంది. చివరికి రాణే అంది, "పోనీ, రేపు ఆట మొదలుకాకముందు దీనికంటే గట్టిగా మోగేది తీసుకురండి. అప్పుడు చూద్దాం" అని.

ఆ రాత్రి మావయ్యకి చెప్పక తప్పలేదు. ఆయన భూతద్దం సర్దుకుని, "ఏ హారానికి చప్పుడు పెంచమంటావు?" అన్నాడు. కొట్లో ఉన్న వాటిల్లో అన్నిటికంటే పెద్దది తెచ్చి, దాని వెనక గోడగడియారాల్లోంచి తీసిన ఇత్తడి ముక్కలు ఒక్కొక్కటే అతికించాడు. అతికించడం, నేలకేసి కొట్టడం, వినడం. చాలలేదు. ఇంకో ముక్క. మళ్ళీ కొట్టడం. పక్కగదిలోంచి అమ్మ: "ఏంటమ్మా ఆ చప్పుళ్ళు?" మావయ్య: "గడియారం పడింది చెల్లెమ్మా." మళ్ళీ ధనామని. "మళ్ళీనా అన్నయ్యా?" "ఇది వేరే గడియారం చెల్లెమ్మా." అమ్మ గొణుక్కుంటూ పడుకుంది, ఈ ఇంట్లో గడియారాలు ఎలా నడుస్తున్నాయో భగవంతుడా అని.

మర్నాడు మధ్యాహ్నం ఖాళీ హాల్లో పరీక్ష. రాణి స్టేజీ మీద నిలబడి ముందు మావయ్య చేసింది విసిరింది. బావుంది. "ఉండండి, రెండూ పోల్చి చూడాలి" అని అసలుది తీసి మళ్ళీ విసిరింది! అత్త రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ ఇది, మళ్ళీ అది. ఒక రాయి కదిలిన చప్పుడు అత్తకి వినిపించిందిట, అంత దూరాన్నుంచి. "రెండూ బావున్నాయి. రెండూ ఉంచుకోనా? ఒకటి పాడైతే ఇంకోటి పనికొస్తుంది" అంది రాణి. అంతే, అత్త స్టేజీ మెట్ల మీద కూలబడి ఏడ్చేసింది. పన్నునొప్పి, భయం, నిద్రలేమి, అన్నీ కలిసి. రాణి కంగారుపడి దిగొచ్చి, హారం ఒళ్ళో పెట్టింది. "తీసుకోండమ్మా, తీసుకోండి. ఈ బొగ్గుముక్క మీద ఇంత ప్రేమేంటి మీకు?" అంటే, "ఎన్నాళ్ళనుంచో ఎదురుగా చూసుకుంటున్నాను కదమ్మా, అలవాటైపోయింది" అందిట అత్త. పెద్దమనసు ఆ రాణిది. ఇది మీరు నష్టపోయే బేరం అని అత్తనే జాలిగా చూసిందిట.

హారం వచ్చింది, కానీ రంగో? పాత నగల్లో లోపల లక్క ఉంటుంది. ఏ నూనె తగిలినా, ఏ వేడి తగిలినా రాళ్ళు కదిలిపోతాయని అత్తకి భయం. కదిలిన రాయిని మావయ్య తన పట్టకారుతో నొక్కి కూర్చోబెట్టాడు. కంసాలికిద్దామంటే పెళ్ళి నెత్తిమీదకొచ్చేసింది. మనుషులు దిగుతున్నారు. ఇంక చేసేదేముంది, తనకి తెలిసిన విద్యే చేసింది. గోళ్ళరంగు సీసా తీసి, మెడకి తగిలే వైపంతా సన్నగా పూత పూసింది, కొట్లో గిల్టుకి పూసినట్టే. నాన్నమ్మ పైనుంచి చూస్తే ఏమనుకుందో పాపం. ఆ రంగు తర్వాతేమైందంటావా? పెళ్ళయ్యాక అక్క శుభ్రం చేయించుకుందిలే. ఏళ్ళ మురికి అనుకుంది. ఇప్పుడు వాళ్ళింట్లో ఎవరి లాకర్లోనో ఉంది, మసకగా, మామూలుగా.

పెళ్ళిరోజు ఎండ మాడిపోతోంది. హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి తగలదు. నాన్నమ్మ చెప్పినట్టే అత్త తన చేత్తో అక్క మెడలో హారం వేసింది. వేసి, పక్కకి పోకుండా అక్క వెనకాలే కుర్చీ వేసుకుని కూర్చుంది చేతిరుమాలు పట్టుకుని. అక్క మెడ మీద చెమట బొట్టు కనపడితే చాలు, అద్దడం. మళ్ళీ అద్దడం. అందరూ, మేనత్తకి ఎంత మురిపెమో చూడండి అనుకుంటున్నారు. నేనూ అదే అనుకున్నాను, అక్కడే ఉన్నాగా. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. దీవిస్తోంది అనుకున్నాను. దేవుడా, ఈ రంగు ఇంకాసేపు ఉంచు అని దణ్ణాలు పెట్టుకుంటోందని నాకేం తెలుసు?

అప్పుడొచ్చింది అమ్మ. హారం చూసింది. అలా నిలబడిపోయింది. అత్త పైప్రాణాలు పైనే పోయాయి. అమ్మ దగ్గరికొచ్చి, వేలితో పతకం ఇలా పైకెత్తింది. "అదే," అంది. "అదే మెరుపు! నా పెళ్ళినాడు చూశానే, సరిగ్గా అలాగే ఉంది. హాలంతా వెలుగే." మా అమ్మ మొహం అంత విప్పారి ఉండడం నేను ఎప్పుడూ చూడలేదమ్మలూ. ఆ ముల్లు ఎటు పోయిందో! చుట్టాలందర్నీ కేకేసి పిలిచింది. "రండి, చూడండి, మా అత్తగారిది, నా కూతురి మెడలో. అసలు బంగారం అంటే ఇదీ. ఎన్నేళ్ళు ఎక్కడ దాచినా కళ తగ్గిందా?" అని అత్త వైపు తిరిగి, అందరి ముందూ, "ఏం గిల్టమ్మా, ఇన్నేళ్ళు కూర్చున్నావు ఆ కొట్లో. ఒక్కటైనా మెరిసిందా ఇలా? ఇప్పటికైనా ఒప్పుకో" అంది. జనమంతా గొల్లుమన్నారు. అత్త చేతిలో రుమాలు ఉంది చూడు, అప్పుడే అక్క మెడ అద్ది తీసింది. అంచంతా పచ్చగా రంగంటుకుని ఉంది. గుప్పిట్లో నలిపేసుకుంది. అమ్మ మొహంలోకే చూస్తూ, "లేదొదినా. ఒక్కటీ మెరవలేదు. ఒప్పుకుంటున్నాను" అంది.

...

ఆఁ? ఏమీ లేదు. కళ్ళలో ఏదో పడింది. అదిగో, కారు హారను వినబడట్లా? వెళ్ళు, వెళ్ళు, చెప్పులు వేసుకో.